ఆక్సిజన్లు లెక్కపెట్టడం ఆపండి, నీళ్లు లెక్కపెట్టండి

ఆమ్లం, క్షారం కలిసే సమీకరణాల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు నెట్టేసి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. ఫార్ములాలను మనం నోటితో చదివినట్టే రాస్తున్నాను, మీరు మాత్రం నోటుబుక్కులో మామూలుగా రాసుకుంటూ చదవండి. చేతిలో పెన్ను లేకుండా చదివితే ఈ పేజీ వల్ల మీకు పెద్దగా ఉపయోగం ఉండదు.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి. ఫాస్ఫారిక్ ఆమ్లం, కాల్షియం హైడ్రాక్సైడ్ చర్యను బ్యాలెన్స్ చేయమంటే ఎంతసేపు కూర్చున్నా రావట్లేదు. కాల్షియం సరిచేస్తే ఫాస్ఫరస్ పోతోంది, అది సరిచేస్తే హైడ్రోజన్ పోతోంది, ఇక ఆక్సిజన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా సార్ ట్రయల్ అండ్ ఎర్రర్ అంటారు. వేరే దారే లేదా? పరీక్ష అంటేనే టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, తణుకు

జవాబు: ఉంది తల్లీ. మీ సార్ చెప్పింది తప్పు కాదు, ఏ సమీకరణానికైనా ఆ పద్ధతి పనికొస్తుంది. కాకపోతే తటస్థీకరణ చర్యకు అంత తంటా పడక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ లోపల జరిగే పని ఒక్కటే. ఆమ్లం హైడ్రోజన్ అయాన్ ఇస్తుంది, క్షారం హైడ్రాక్సైడ్ అయాన్ ఇస్తుంది, రెండూ కలిసి ఒక నీటి అణువు అవుతుంది. ఆమ్లంలో మిగిలింది, క్షారంలో మిగిలింది కలిపి రాస్తే లవణం. అంతకు మించి ఏమీ లేదు.

కాబట్టి రెండే ప్రశ్నలు వేసుకో. ఒక ఆమ్ల అణువు ఎన్ని హైడ్రోజన్లు వదలగలదు? ఒక యూనిట్ క్షారంలో ఎన్ని హైడ్రాక్సైడ్లు, అంటే ఓహెచ్‌లు ఉన్నాయి? ఫాస్ఫారిక్ ఆమ్లం, అంటే హెచ్3పీఓ4, మూడు వదులుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్, సీఏ(ఓహెచ్)2, దాంట్లో రెండు. మూడుకీ రెండుకీ క.సా.గు. ఎంత? ఆరు. అంటే ఆరు హైడ్రోజన్లు, ఆరు ఓహెచ్‌లు కావాలి. ఆరు హైడ్రోజన్లు రావాలంటే ఆమ్లం 2 ఉండాలి, ఆరు ఓహెచ్‌లు రావాలంటే క్షారం 3 ఉండాలి. నీళ్లు ఎన్ని? అవే ఆరు. అయిపోయింది, ఎడమ వైపు గుణకాలూ (ఫార్ములా ముందు వేసే అంకెలు) వచ్చేశాయి, నీళ్లూ వచ్చేశాయి, ఇంకా ఒక్క ఆక్సిజన్ కూడా లెక్కపెట్టలేదు చూడు.

లవణం సంగతి. మూడు కాల్షియంలు మిగిలాయి, రెండు ఫాస్ఫేట్లు మిగిలాయి, కలిపి రాస్తే సీఏ3(పీఓ4)2. కాల్షియం ఆవేశం 2 ప్లస్, మూడుంటే 6. ఫాస్ఫేట్ ఆవేశం 3 మైనస్, రెండుంటే 6. ఫార్ములా దానంతట అదే కుదిరింది. మొత్తం ఇలా ఉంటుంది:

2 హెచ్3పీఓ4 + 3 సీఏ(ఓహెచ్)2 → సీఏ3(పీఓ4)2 + 6 హెచ్2ఓ

ఇప్పుడు చివర్లో, కేవలం సరిచూసుకోవడానికి, ఆక్సిజన్లు లెక్కపెట్టు. ఎడమ వైపు ఆమ్లంలో 8, క్షారంలో 6, మొత్తం 14. కుడి వైపు లవణంలో 8, నీళ్లలో 6, మొత్తం 14. హైడ్రోజన్లు అటూ ఇటూ 12. ఆక్సిజన్ ఇక్కడ నాలుగు పదార్థాల్లోనూ ఉంది, అలాంటి మూలకంతో మొదలుపెడితే ఎవరికైనా తల తిరుగుతుంది.

ఇదే పద్ధతిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం నువ్వే చెయ్యి. 2, 3, 1, 6 వస్తే సరిగ్గా చేసినట్టు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఫార్ములాలో కనిపించే హైడ్రోజన్లన్నీ ఆమ్లం వదిలేవి కావు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంలో నాలుగు హైడ్రోజన్లుంటే అది వదిలేది ఒక్కటే, చివర ఉన్న సీఓఓహెచ్‌లోది. నిమ్మ ఉప్పులో, అదే సిట్రిక్ ఆమ్లంలో, ఎనిమిది ఉంటే వదిలేవి మూడు. పదో తరగతికి ఇంత చాలు. ఇంటర్‌కి వెళ్లాక హెచ్3పీఓ3 అని ఒకటి ఎదురవుతుంది, చూడ్డానికి మూడు హైడ్రోజన్లున్నా అది ఇచ్చేది రెండే, ఎందుకంటే మూడోది ఆక్సిజన్‌కి కాకుండా నేరుగా ఫాస్ఫరస్‌కి అతుక్కుని ఉంటుంది. పోటీ పరీక్షల వాళ్లకి ఇలాంటివంటే మహా ఇష్టం.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి యూనిట్ టెస్టులో ఇలా రాశాడు: హెచ్2ఎస్‌ఓ4 + ఎన్‌ఏఓహెచ్ → ఎన్‌ఏఎస్‌ఓ4 + హెచ్3ఓ. సున్నా వేశారు. నేను కూర్చుని లెక్కపెట్టాను. రెండు వైపులా సోడియం 1, సల్ఫర్ 1, హైడ్రోజన్ 3, ఆక్సిజన్ 5. అన్నీ సరిపోయాయి. పరమాణువులు సరిపోతే బ్యాలెన్స్ అయినట్టే కదా, సున్నా ఏమిటండీ? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మీ లెక్కలో తప్పు లేదండీ. నేనూ వేసి చూశాను, కచ్చితంగా సరిపోయింది. పిల్లవాడు కష్టపడ్డాడు కూడా, అది కనిపిస్తూనే ఉంది. కానీ సున్నా న్యాయమే, ఎందుకంటే కుడి వైపు రాసిన రెండు పదార్థాలూ అక్కడ పుట్టవు. అబ్బాయి గుణకం మార్చాల్సిన చోట ఫార్ములా లోపల కింద రాసే చిన్న అంకె మార్చాడు. చిల్లర సరిపోలేదని నోటు మీద అంకె దిద్దినట్టు అన్నమాట, కాగితం మీద లెక్క తేలుతుంది గానీ ఆ నోటు ఎక్కడా చెల్లదు.

సోడియం అయాన్‌కి ఆవేశం ఒక ప్లస్, సల్ఫేట్‌కి రెండు మైనస్. ఒక్క సోడియంతో సల్ఫేట్ తృప్తిపడదు, రెండు కావాలి, అందుకే సోడియం సల్ఫేట్ ఎప్పుడూ ఎన్‌ఏ2ఎస్‌ఓ4. నీళ్లు ఎప్పుడూ హెచ్2ఓ. ఈ రెండూ ముందు రాసేసి, వాటి లోపల చెయ్యి పెట్టకుండా, ముందు అంకెలు మాత్రమే సర్దాలి. ఆమ్లం ఇచ్చేవి రెండు, క్షారం ఇచ్చేది ఒకటి, కాబట్టి క్షారం రెండు కావాలి:

హెచ్2ఎస్‌ఓ4 + 2 ఎన్‌ఏఓహెచ్ → ఎన్‌ఏ2ఎస్‌ఓ4 + 2 హెచ్2ఓ

అబ్బాయికి అసలు రానిది బ్యాలెన్సింగ్ కాదు, వేలన్సీలు. ఒక వారం రోజులు సమీకరణాలు పక్కన పెట్టించి సల్ఫేట్, నైట్రేట్, ఫాస్ఫేట్, కార్బొనేట్, అమ్మోనియం, వీటి ఆవేశాలు నోటికి వచ్చేలా చేయండి. అది రాకుండా ఎన్ని సమీకరణాలు చేయించినా ఇదే గోల.

ఇంకో మాట, ఇది అబ్బాయి తరఫున. ఒక ఆమ్లం, ఒక క్షారం అని అతను మొండిగా పట్టుబట్టినా దానికీ ఒక సరైన సమాధానం ఉంది: ఎన్‌ఏహెచ్‌ఎస్‌ఓ4 + హెచ్2ఓ. ఆమ్లం రెండు హైడ్రోజన్లలో ఒకటే వదిలితే సోడియం బైసల్ఫేట్ వస్తుంది, అది నిజంగా ఉన్న లవణమే. ఏది రాయాలన్నది మనం ఎంత క్షారం పోశామన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రశ్నపత్రంలో ‘పూర్తి తటస్థీకరణ’ అని ఉన్నా, ఏమీ లేకపోయినా, మొదటి సమీకరణమే రాయించండి.

ప్రశ్న: మేడమ్, ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో ఆక్సాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ టైట్రేషన్ (ఒకదాంట్లో ఇంకొకటి కొద్దికొద్దిగా పోస్తూ సరిగ్గా సరిపోయే మోతాదు కనుక్కోవడం) చేశాం. ఎం1వీ1 బై ఎన్1 = ఎం2వీ2 బై ఎన్2 అని ఫార్ములా ఇచ్చారు. ఎన్1, ఎన్2 దేనికి ఏది వేయాలో ప్రతిసారీ కన్ఫ్యూజన్. ఒకసారి 0.024 వచ్చింది, పక్కవాడికి 0.048, ఇంకొకడికి 0.012. రీడింగ్ మాత్రం అందరిదీ 9.6. – ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ముగ్గురిలో సరైంది మీ పక్కవాడిది. మిగతా ఇద్దరూ బ్యూరెట్ దగ్గర ఏ తప్పూ చేయలేదు, తప్పంతా నోటుబుక్కులో జరిగింది.

ఆ ఎన్1, ఎన్2 ఎక్కడినుంచో ఊడిపడ్డవి కావు బాబూ, తుల్య సమీకరణంలోని, అంటే బ్యాలెన్స్ చేసిన సమీకరణంలోని, గుణకాలే. ఆక్సాలిక్ ఆమ్లం ఇచ్చేవి రెండు, సోడియం హైడ్రాక్సైడ్ ఇచ్చేది ఒకటి. కాబట్టి ఆమ్లం 1, క్షారం 2. ఎవరి ఎం (గాఢత), ఎవరి వీ (ఘనపరిమాణం) రాశావో వాళ్ల గుణకాన్నే వాళ్ల కింద వేయాలి. అంతే. నీకు 0.024 ఎందుకొచ్చిందంటే రెండు చోట్లా 1 వేశావు. 0.012 వచ్చినవాడు తిరగేసి వేశాడు.

నన్నడిగితే ఫార్ములా మానేసి ఒకసారి ఇలా చేసి చూడు. మీరు 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో 1.575 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి ఉంటారు, అది 0.05 మోలార్, అంటే లీటరుకు 0.05 మోల్స్ (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ఒక పెద్ద కట్ట అనుకో). బ్యూరెట్‌లోంచి 9.6 మి.లీ. దిగింది, అంటే 0.48 మిల్లీమోల్స్ ఆమ్లం. ఒక్కో ఆమ్ల అణువు రెండేసి ఎన్‌ఏఓహెచ్‌లతో చర్య జరుపుతుంది కాబట్టి ఫ్లాస్కులో ఉన్న క్షారం 0.96 మిల్లీమోల్స్. పిపెట్‌తో 20 మి.లీ. తీసుకున్నారు, 0.96ని 20తో భాగిస్తే 0.048. ఎన్1, ఎన్2 గొడవే రాలేదు. వైవాలో అడిగినా తడబడకుండా చెప్పగలవు.

ఆక్సాలిక్ ఆమ్లం సీసా మీద ఫార్ములా చివర ‘.2హెచ్2ఓ’ అని ఉంటుంది. ఆ రెండు నీళ్లూ స్ఫటికంలో ఉన్నవి. అణుభారం 126 అని వేసేటప్పుడు వాటిని కలుపుకోవాలి, సమీకరణంలో పుట్టే నీళ్లతో మాత్రం వాటికి సంబంధం లేదు.

ఇంకో సంగతి, సిలబస్‌లో లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈ లెక్కలన్నిటికీ పునాది వేసినవాడు జెరేమియాస్ బెంజమిన్ రిక్టర్ అనే జర్మన్. ఏ ఆమ్లం ఎంత తూకం తీసుకుంటే ఏ క్షారం ఎంత తూకంతో సరిగ్గా సరిపోతుందో ఓపిగ్గా తూచి పట్టికలు వేశాడు, 1792లో అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. మనం రాసే స్టాయికియోమెట్రీ అన్న పేరు పెట్టింది ఆయనే. డాల్టన్ పరమాణు సిద్ధాంతం అప్పటికింకా రాలేదు, హెచ్2ఎస్‌ఓ4 అని రాసుకోవడానికి గుర్తులు కూడా లేవు. అంటే ఫార్ములాల కంటే ముందే ఈ నిష్పత్తులు త్రాసు మీద తేలాయన్నమాట. రిక్టర్ పట్టికలు చూసినవాళ్లకి తెలుస్తుంది, గుణకం అనేది పరీక్ష కోసం పుట్టించిన అంకె కాదని.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పక్కకి ఒరిగి కాస్త ఆసిడ్ నేల మీద పడింది. మా అమ్మ వెంటనే వంటసోడా డబ్బా మొత్తం కుమ్మరించింది, బుసబుసా పొంగింది. అంత సోడా అవసరమా? తటస్థీకరణకి క్షారం కావాలంటారు కదా, డ్రైనేజీకి వాడే కాస్టిక్ సోడా వేస్తే త్వరగా అయిపోయేదా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ అమ్మగారు చేసిందే సరైన పని. కాస్టిక్ సోడా జోలికి మాత్రం పోకండి, ఎందుకో చెప్తాను.

ముందు మోతాదు. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం, బాగా చార్జ్ అయినప్పుడు బరువులో దాదాపు మూడో వంతు ఆమ్లమే, మిగతాది నీళ్లు. వంటసోడా సోడియం బైకార్బొనేట్. దీంట్లో ఓహెచ్ లేదు, కానీ ఒక్కో బైకార్బొనేట్ ఒక్కో హైడ్రోజన్ అయాన్‌ని తీసుకుని నీళ్లుగా, కార్బన్ డై ఆక్సైడ్‌గా విడిపోతుంది. మీరు చూసిన పొంగు అదే. ఆమ్లం రెండు ఇస్తుంది, సోడా ఒకటి తీసుకుంటుంది:

హెచ్2ఎస్‌ఓ4 + 2 ఎన్‌ఏహెచ్‌సీఓ3 → ఎన్‌ఏ2ఎస్‌ఓ4 + 2 హెచ్2ఓ + 2 సీఓ2

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకటికి రెండు అంటే ఒక స్పూను ఆసిడ్‌కి రెండు స్పూన్ల సోడా అని కాదు. గుణకాలు చెప్పేది మోల్స్ సంగతి. బరువుల్లోకి మార్చాలంటే అణుభారాలతో గుణించాలి: 98 గ్రాముల ఆమ్లానికి 84 రెళ్లు 168 గ్రాముల సోడా. ఒక 100 మి.లీ. ఆసిడ్ ఒలికిందనుకుందాం. దాని బరువు 125 గ్రాముల దాకా ఉంటుంది, అందులో అసలు ఆమ్లం 41 గ్రాములు. దానికి సోడా సుమారు 70 గ్రాములు పడుతుంది. అంటే 100 గ్రాముల ప్యాకెట్ ఉంటే చాలు, కాస్త మిగులుతుంది కూడా. పుట్టే కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం 20 లీటర్ల దాకా ఉంటుంది, అందుకే అంత హడావుడి. కిటికీలు తీసి పెట్టండి, దూరం నుంచి కొద్దికొద్దిగా చల్లండి, పొంగు ఆగాక ఇంకొంచెం చల్లి చూడండి. ఏమీ కదలకపోతే పని పూర్తయినట్టే. చేతులకి రబ్బరు గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉంటే మంచిది. ఒంటి మీద పడితే మాత్రం సోడా గీడా వెతుక్కోవద్దు, ధారగా పారే నీళ్లతో చాలాసేపు కడగడమే.

కాస్టిక్ సోడా కూడా కాగితం మీద ఒకటికి రెండే. కానీ బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే ఒక మోల్ నీరు పుట్టినప్పుడల్లా దాదాపు 57 కిలోజౌల్స్ వేడి బయటికొస్తుంది. మన 100 మి.లీ. ఆసిడ్‌కి ఇది 48 కిలోజౌల్స్ అవుతుంది, 200 మి.లీ. నీళ్ల ఉష్ణోగ్రతను 50 డిగ్రీలకు పైగా పెంచేంత వేడి. అంత వేడి ఆ కాస్త మడుగులో పుడితే ఆసిడ్ చిమ్ముతుంది, అదీ మీ మొహం మీదకి. పైగా వంటసోడా ఎక్కువైతే తుడిచి పారేస్తాం, కాస్టిక్ ఎక్కువైతే అది ఆసిడ్‌కి ఏమాత్రం తీసిపోకుండా చర్మాన్ని కాలుస్తుంది. ఎంత ఒలికిందో కొలిచి చూడలేనప్పుడు ఎక్కువైనా హాని చేయని పదార్థాన్నే వాడాలి.

మీ నేల మార్బుల్ అయితే మరక పడే ఉంటుంది. మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్, మీరు సోడా తెచ్చేలోపే ఆసిడ్ దాంతో పని మొదలుపెట్టేసి ఉంటుంది.

ప్రశ్న: అసిడిటీ సిరప్ సీసా మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ రెండూ రాసి ఉన్నాయి. అల్యూమినియందాంట్లో మూడు ఓహెచ్‌లున్నాయి కదా, అదొక్కటే వేస్తే సరిపోదా? – గుంటూరు నుంచి ఒక టీచర్

జవాబు: సమీకరణం ప్రకారం మీరన్నది నిజమే. కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అదే హెచ్‌సీఎల్. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఒకటి మూడు హెచ్‌సీఎల్‌లను తీసుకుంటుంది, మెగ్నీషియందైతే రెండు. బరువు లెక్కన చూస్తే తేడా అంత పెద్దదేం కాదు, ఒక మోల్ హెచ్‌సీఎల్‌కి మొదటిది 26 గ్రాములు, రెండోది సుమారు 29 గ్రాములు పడుతుంది. రెండూ కలపడానికి అసలు కారణం సమీకరణంలో కనపడదు. అల్యూమినియంది మలబద్ధకం తెస్తుంది, మెగ్నీషియంది విరేచనం చేయిస్తుంది. రెండూ కలిపితే ఒకదానికొకటి విరుగుడు. క్లాసులో చెప్పండి, పిల్లలు నవ్వుతారు గానీ మర్చిపోరు.

ప్రశ్న: అమ్మోనియా, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిస్తే అమ్మోనియం సల్ఫేట్ ఎరువు వస్తుందని చదివాను. 2 ఎన్‌హెచ్3 + హెచ్2ఎస్‌ఓ4 → (ఎన్‌హెచ్4)2ఎస్‌ఓ4. ఇది తటస్థీకరణే అంటున్నారు, మరి నీళ్లేవి? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నీళ్లు లేవు, ఉండక్కర్లేదు. అమ్మోనియాలో ఓహెచ్ లేదు, అది ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్‌ని నేరుగా తన మీదే తగిలించుకుని అమ్మోనియం అవుతుంది. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ఇదే చెప్పారు: హైడ్రోజన్ అయాన్ ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. కాబట్టి నీళ్లు లెక్కపెట్టమన్న నా సలహాను ఓహెచ్ ఉన్న క్షారాలకే వాడండి, మిగతా చోట్ల ఇచ్చినవెన్ని, పుచ్చుకున్నవెన్ని అని చూడండి. ఇక్కడ ఇచ్చినవి రెండు, పుచ్చుకున్న అమ్మోనియాలు రెండు.

ప్రశ్న: సమీకరణం ప్రకారం ఆమ్లం, క్షారం సరిగ్గా కలిపితే పీహెచ్ 7, అంటే ఆమ్లమూ క్షారమూ కాని తటస్థ స్థితి, రావాలి కదా? వెనిగర్‌తో చేస్తే రావట్లేదు. – అదే అనంతపురం విద్యార్థి

జవాబు: నీ ఉత్తరం రెండో పేజీలో ఇది ఉందని ఇప్పుడే చూశాను. రావాలని లేదు. గుణకాలు ఎంతకెంత సరిపోతుందో చెప్తాయి, మిగిలిన ద్రావణం ఎలా ఉంటుందో చెప్పవు. హెచ్‌సీఎల్, ఎన్‌ఏఓహెచ్ అయితే 7 వస్తుంది. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది కాబట్టి మిగిలే ఎసిటేట్ అయాన్ నీళ్ల నుంచి కొంచెం హైడ్రోజన్ లాక్కుంటుంది, దాంతో పీహెచ్ 8 దాటుతుంది. అందుకే వెనిగర్ టైట్రేషన్‌కి ఆ దగ్గర్లో రంగు మారే ఫినాఫ్తలీన్ అనే సూచిక వాడతారు. మిథైల్ ఆరెంజ్ వేశావంటే అసలు పాయింట్ రాకముందే రంగు మారిపోయి రీడింగ్ తక్కువొస్తుంది.